ఉక్కుకత్తి: ఎన్నిక, పదను, రక్షణము

ఆంధ్రభాషలో 'ఉక్కు' అను పదమునకు రెండర్థములు గలవు. ఒకటి కొలిమిలోఁ బుట్టు గట్టిలోహము. రెండవది బలము, శౌర్యము. 'వాఁ డుక్కడఁగె' నన్నచో వాని బల మణఁగె నని తాత్పర్యము. నిఘంటుకారు లీ రెండర్థములను బ్రక్కప్రక్కనే వ్రాసి యూరకున్నారు. వీనిలో నేది ముందో నిర్ణయించుట యీ వ్యాసమున కుద్దేశము కాదు. ఆ లోహముతోఁ జేసిన కత్తిని పూర్వు లెట్లు పరీక్షించి యెన్నుకొనిరి, ఎట్లు కాపాడుకొనిరి, ఆ విద్య యెవరి చేతిలో నుండెను అను విషయములను మాత్రము కొంత విచారింతును.

ఈ విచారము సాహిత్యపత్రికలో నేల యని కొంద ఱడుగవచ్చును. పదముల చరిత్రము వస్తువుల చరిత్రమును విడిచి నిలువదు. ఐరోపాభాషలలో 'వూట్జ్' అని వాడుకలోనికి వచ్చిన పేరే యిందుకు నిదర్శనము. 18వ శతాబ్ది చివర బొంబాయినుండి వైద్యుఁ డగు హెలెనస్ స్కాట్ ఈ దేశపు టుక్కు ముద్దలను లండనులోని జోసెఫ్ బ్యాంక్సునకుఁ బంపెను. 1795లో జార్జి పియర్సను వానిని బరీక్షించి రాయల్ సొసైటీవారికి నివేదించెను. ఆ నివేదనమువలన 'వూట్జ్' అను పేరు ప్రచారమునకు వచ్చెను. కన్నడమునందును దెలుఁగునందును గల 'ఉక్కు' అను మాటయే 'వుక్' అని వ్రాయఁబడి, లేఖకప్రమాదముచే 'వూట్జ్' అయ్యె నని పెక్కురు విద్వాంసుల యభిప్రాయము. వస్తువు మనది, మాట మనది. విదేశములకుఁ బోయిన పిమ్మట రెండును బేరు మాఱినవి. ఆ కత్తికిఁ గూడ 'డమాస్కస్ కత్తి' యను పేరే లోకమున నిలిచెను.

ఉక్కు స్వభావమును ముందు సంగ్రహముగాఁ జెప్పవలెను. ఇనుమునకు నుక్కునకుఁ గల భేద మందలి కర్బనమువలనఁ గలుగును. మెత్తని యినుములోఁ గర్బనము లేశమాత్ర ముండును. వాడుకకత్తులకుఁ దగిన యుక్కులో నూటికి 0.6 మొదలు 1 పాలువఱకు నుండును. 1924లో జోకె యను లోహశాస్త్రజ్ఞుఁడు పరీక్షించిన పాత డమాస్కస్ కత్తులలోఁ బెక్కింటియందు నూటికి 1.3 పాళ్లకు మించి యుండెను. కర్బనము హెచ్చినకొలఁది వాదర కఠిన మగును, పదను చాలకాలము నిలుచును. కాని పెళుసుతనమును హెచ్చును. మొక్కవోని కత్తి విఱుగవచ్చును, విఱుగని కత్తి మొక్కవోవచ్చును. ఈ రెండు దోషముల నడుమ నున్న యిఱుకుదారిలో నడచుటయే కమ్మరివాని నేర్పు. కత్తి నెన్నుకొనువాఁడు చూడవలసినదియు నీ నేర్పునే.

తెలంగాణమున నేఁడు నిజామాబాదు జిల్లాలోఁ జేరియున్న కోనసముద్ర మను గ్రామమున నీ యుక్కు పుట్టుచుండెను. నిర్మలప్రాంతమునందును బని సాగెను. లాంబ్టను నడపిన భూమానకార్యమున వైద్యుఁడును భూగర్భశాస్త్రజ్ఞుఁడునై యుండి 1824లో మరణించిన హెన్రీ వాయ్సీ కోనసముద్రపుఁ బని నంతయుఁ గన్నులారఁ జూచి వ్రాసిపెట్టెను. ఆ వ్రాఁత 1832లో వంగదేశపు ఆసియాటిక్ సొసైటీవారి పత్రికయందు వెలువడెను. అందలి క్రమ మిది. ఒక యినుము నల్లయిసుకనుండి తీసినది, మఱియొకటి యినుపమన్నునుండి తీసినది. మొదటిది మూఁడుపాళ్లు, రెండవది రెండుపాళ్లు తూఁచి మూసలో వేయుదురు. మూసను జేయు మంటిలోఁ బాతమూసల పెంకుల పొడియు వడ్ల యూఁకయుఁ గలుపుదురు. మూఁత పెట్టి, కొలిమిలో నుంచి, తిత్తులు మార్చి మార్చి యూఁదుచు నొక యహోరాత్రము మంట నిలుపుదురు. చల్లారిన పిమ్మట మూసను బగులఁగొట్టినచో నడుగున నుక్కుముద్ద దొరకును. అంతటితోఁ బని ముగియదు. ఆ ముద్ద మిక్కిలి పెళుసై సుత్తిదెబ్బ కోర్వదు గనుక, మంటితోఁ బూసి మరల మరలఁ గాఁచి, నెమ్మదిగాఁ జల్లార్చి, మెత్తపడిన పిదప నమ్ముదురు.

ఈ వర్ణనమున నాకు ముఖ్యముగాఁ దోఁచినది వేఱొకటి. వాయ్సీ యచ్చట నుండఁగా ఇస్పహాను పట్టణపు వర్తకుఁడు హాజీ హుసేనను వాఁ డా కొలుముల దగ్గఱనే యుండి, ఇనుము తూఁచుటనుండి ముద్దను మెత్తపఱచుటవఱకుఁ దానే కనిపెట్టి చూచుచుండెనఁట. పారసీకమున నిట్టి యుక్కును జేయఁ బ్రయత్నించి విఫలు లయి రనియు వానివలనఁ దెలియుచున్నది. కత్తి కొనువాఁడు కత్తిని జూచి కొనఁడు; కత్తి కాఁబోవు ముద్ద పుట్టుచోటికి వచ్చి, అది పుట్టుటకు ముందే యెన్నుకొనును. వేలకొలఁది మైళ్లు దాఁటి వచ్చినవాఁ డొక గ్రామమున వేఁడిలోఁ గూర్చుండి తూనిక చూచుచుండె నన్నచో, మంచి చెడ్డల నిర్ణయ మెంత సూక్ష్మమో చదువరు లూహింపవచ్చును.

ముద్దను జూచి గుణము నెఱుఁగు పద్ధతిని దక్షిణదేశమున నినుపపని నడపించిన హీత్ 1839లోఁ బ్రకటించిన వ్యాసమునందుఁ జెప్పినాఁడు. ముద్ద పైతట్టున నడుమనుండి యంచులవఱకుఁ గిరణములవలె సన్నని గీఁతలు పాఱి, గుంటలును బొడుపులును లేకున్న, అది చక్కఁగాఁ గరఁగిన యుక్కు. తేనెతుట్టెవలె గుంటలు పడి, మెత్తని యినుపతునక లందందుఁ బైకిఁ దేలియున్న, కరఁగుడు చాల దని యెఱుఁగవలెను. ఆ ప్రాంతపువారు మూసలో నినుముతోఁ గూడఁ దంగేటికట్టెయు జిల్లేటాకులును వేయుదు రనియు నాతఁడు వ్రాసెను. మంటలో నవి బొగ్గై యినుమునకుఁ గర్బనము నిచ్చును. తంగేడే కావలయు నన్న నియమము రసాయనశాస్త్రమునకు లేదు. చేతికి దగ్గఱఁ బెరుగు చెట్టుతోఁ బని జరుగుట కమ్మరివాని వివేకము.

17వ శతాబ్దియందుఁ బారసీకమునను గోలకొండరాజ్యమునను సంచరించిన ఫ్రెంచివర్తకుఁడు టావెర్నియే యింకొక పరీక్షను దెలిపెను. గోలకొండనుండి వచ్చు నుక్కు చిన్నరొట్టె యంత ముద్దలుగా నుండు ననియు, మోసము లేకుండ లోపలిగుణముఁ జూచుటకై దానిని రెండుగా నఱకుదు రనియు, ఒక్కొక్క సగమున నొక్కొక్క కత్తి యగు ననియు నాతని వ్రాఁత. కొనువాఁడు పైమెఱుఁగును నమ్మలేదు, విఱిచిన ముఖమును నమ్మెను. ఉక్కును విఱిచినపు డందలి పలుకు సన్నమై సమముగా నున్న మంచిది; మోటుగా నున్నఁ బెళుసు. నేఁటి పరీక్షాశాలలలోను విఱుగుముఖమును జూచుట మానలేదు.

టావెర్నియే చెప్పిన మఱియొక మాట యంతకంటె విలువగలది. పారసీకపుఁ బనివాఁ డీ యుక్కును జెఱ్ఱీపండు రంగు వచ్చువఱకు మాత్రమే కాఁచు నఁట. ఐరోపావారివలె నీటిలో ముంచక తడిగుడ్డలోఁ జుట్టు నఁట. తమ యుక్కునకుఁ బెట్టు వేఁడి దీనికిఁ బెట్టినచో నద్దమువలెఁ బగులు నఁట. ఇందలి కారణ మిప్పుడు స్పష్టము. కర్బనము మిక్కిలిగాఁ గల యుక్కు సామాన్యపు టినుముకంటెఁ దక్కువ వేఁడికే కరఁగ నారంభించును. మెత్తని యినుమును దెల్లగాఁ గాఁచి కొట్టుట కలవాటుపడిన ఐరోపా కమ్మరులు దీనినిఁ గూడ నట్లే కాఁచి, సమ్మెటదెబ్బకు నలిగిపోఁగా, హిందూదేశపు టుక్కు పనికిరాదనిరి. ఉక్కు మంచిదే, కాఁచినవాఁ డెఱుఁగఁడు. లండనులో శస్త్రవైద్యుల కత్తులు చేసెడి జేమ్సు స్టోడార్టు మాత్రము దీని నోర్పుతోఁ బరీక్షించి, సన్నని వాదర గల పనిముట్లకుఁ దగినదని మెచ్చి, తన దుకాణపుఁ బ్రకటనలలోఁ జెప్పికొనెను. కమ్మరివాని కొడు కైన మైకేల్ ఫారడే 1819లో నీ యుక్కును విశ్లేషించి, పిమ్మట స్టోడార్టుతోఁ గలిసి మిశ్రలోహములను జేసి చూచెను. 1820 ప్రాంతములలోఁ బారిసు టంకశాలయందలి బ్రెయాన్, కత్తిమీఁది యలలవంటి గీఁతలు కర్బనాధిక్యమువలనను దీర్ఘకాలము చల్లార్చుటవలనను గలుగునని కనుఁగొనెను. రష్యాలో అనోసొవ్ 1841లో నీ విషయమై గ్రంథమునే ప్రకటించెను. ఇటీవల 1998లో వెర్హోవెన్, పెండ్రే యనువారు ఖనిజమున లేశమాత్రముగా నుండు వనాడియము మున్నగు ధాతువు లా గీఁతల కవసర మని చూపిరి. ఇంతకు మునుపుఁ గోనసముద్రపువారు రెండుచోట్ల యినుమును మూఁటికి రెండుగాఁ గలుపుట కర్థ మేమియో యను ప్రశ్న కిచ్చట నొక సమాధానము గలదేమో.

ఇఁక శాస్త్రగ్రంథముల మాట. సుశ్రుతుఁడు సూత్రస్థానమున శస్త్రదోషముల నెనిమిదిటిని జెప్పెను: వంకర, మొద్దువాదర, విఱిగిన యంచు, గరుకువాదర, మిక్కిలి లావు, మిక్కిలి చిన్నది, మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి. ఱంపమునకు మాత్రము గరుకువాదర దోషము కాదని వెంటనే మినహాయించెను. పని నెఱిఁగి వ్రాసినవాఁడనుట కీ మినహాయింపే సాక్ష్యము. వాదరకుఁ గొలఁతలు పెట్టెను: చీల్చుదానికిఁ జిఱుసెనగపప్పంత, గీఁకుదానికి దానిలో సగము, పొడుచుదానికి వెండ్రుకయంత, కోయుదానికి వెండ్రుకలో సగము. మినుములరంగు గల నునుపురాతిమీఁద నూఱవలెను. వాదరను నిలుపుటకు బూరుగుపలక వాడవలెను. వెండ్రుకను దెగఁగోసినప్పుడే శస్త్రము సిద్ధమైనట్లు. మన మంగలులు కత్తిని రాతిమీఁద నూఱి పిదపఁ దోలుపట్టెమీఁదఁ ద్రిప్పుట యీ రెండవ మెట్టే. రాయి వాదరను బుట్టించును, మెత్తనిపలక దానిమీఁది గరుకును దొలఁగించును. వాగ్భటుఁడు శస్త్రముల కొక సంచినిఁ గూడఁ జెప్పెను: తొమ్మిదంగుళముల వెడల్పు, పండ్రెండంగుళముల పొడవు, పట్టు మొదలగు మెత్తని వస్త్రముతోనో మెత్తని తోలుతోనో కుట్టి, లోపల నున్ని పెట్టవలె నని.

సుశ్రుతుఁడు చెప్పిన పాయనము మూఁడువిధములు: క్షారము, నీరు, నూనె. పాయన మనఁగాఁ ద్రాగించుట. కాఁగిన కత్తికి ద్రవమును ద్రాగింతు రను భావము మన 'పదను' అను మాటలోను గలదు. పదను తడియు నగును, వాఁడియు నగును. పొలమున వానపదను, కత్తికి వాదరపదను. ఈ రెండర్థములు వేఱు వేఱు మాటలని కొంద ఱందురు కాని, కమ్మరికొలిమి దగ్గఱ నొక్క నిమిషము నిలిచినవా రామాట యనరు. ముంచుటచేతనే కత్తికి వాఁడి పుట్టును. ఎముకను, గ్రుచ్చుకొన్న బాణమును గోయుదానికి క్షారము, మాంసము కోయుదానికి నీరు, సిరలను బొడుచు సన్నని శస్త్రమునకు నూనె యని విభాగము. ఉప్పునీరును క్షారజలమును శీఘ్రముగా వేఁడిని లాగి మిక్కిలి కాఠిన్యము నిచ్చును. నూనె నెమ్మదిగా లాగును గనుక సన్ననియలుగు బీఁటలు వాఱదు. సుశ్రుతుని విభాగము నేఁటి లోహశాస్త్రముతోఁ బొత్తుగా నేకీభవించుచున్నది.

వరాహమిహిరుని బృహత్సంహితలోని ఖడ్గలక్షణము వేఱుజాతిది. ఏఁబదియంగుళములది యుత్తమ ఖడ్గము, ఇరువదియైదంగుళములది హీనము. అలుగుమీఁది గాయము విషమాంగుళముననున్న నశుభము. ఈ యంశమున నాకు గౌరవము తక్కువ. సరియంగుళమున నున్న బీఁటయు బీఁటయే. యుద్ధమున నది యంగుళముల లెక్క చూచుకొని విఱుగదు. గుఱ్ఱము, ఒంటె, ఏనుఁగు, వీని పాలతోఁ బాయనము చేయు మాటయు నట్టిదే. పాలన్నియుఁ జాలవఱకు నీరే. జిల్లేటిపాలు, పొట్టేలికొమ్ముల మసి, పావురముల పెంట, ఎలుకపెంట కలిపి పూయు లేపమును గొంద ఱీకాలమువారు కర్బనమును జొప్పించు రసాయనక్రియగా వ్యాఖ్యానించుచున్నారు. అది యతివ్యాఖ్య. ఉక్కులోనికిఁ గర్బన మెక్కుటకు గంటలకొలఁదిఁ గాఁపవలెను. ముంచుటకు ముందు పూసిన పూఁత కంత సమయ మెక్కడిది? ఆ పూఁతవలనఁ జల్లార్పు కొంత మాఱవచ్చు ననుట వఱకు న్యాయము. అరఁటిబూడిద క్షారమును మజ్జిగతోఁ గలిపి యొకదిన ముంచి, అందుఁ బాయనము చేసిన కత్తి రాతిమీఁద విఱుగ దన్న యోగముమాత్రము సుశ్రుతుని క్షారపాయనమునకు బంధువే.

అదే యధ్యాయమున రాజు ఖడ్గమును నిష్కారణముగా నొఱనుండి తీయరాదు, దానిలో మొగము చూచుకొనరాదు, వెల చెప్పరాదు, అశుచియై తాఁకరాదు అని నియమములు గలవు. వెల చెప్పరాదను నియమమును ఇస్పహాను వర్తకుఁ డొప్పుకొనఁడు. తక్కినవి శకునములుగాఁ జెప్పఁబడినను, వానిని బాటించిన కత్తి త్రుప్పుపట్టకుండును. మొగముదగ్గఱఁ బెట్టుకొన్న నూపిరితడి తగులును. చేతులతో నూరక నిమిరిన చెమటలోని యుప్పంటును. మాటిమాటికిఁ దీసిపెట్టిన వాదర యొఱ కొరసి మొక్కవోవును. నియమమును బుట్టించిన దీ యనుభవమే యని నిరూపింపఁజాలను, ఫలమైతే యొక్కటే.

మధ్యయుగపు రసశాస్త్రగ్రంథమగు రసరత్నసముచ్చయము ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూఁడుగా విభజించి, తీక్ష్ణములో నాఱుభేదములు చెప్పెను. అం దొక భేదమునకుఁ బోగర లేదని, అది వంచినచో విఱుగునని, విఱిగినచోటఁ బాదరసమువలె మెఱయునని లక్షణము. పోగర యనఁగా లోహముమీఁది గీఁతలు, నిగ్గు. ఇది సంస్కృతపు మాటగాఁ దోఁపదు. తెలుఁగున నిగ్గునకుఁ బేరైన 'పొగరు'తో దీనికిఁ జుట్టఱికము గలదేమో భాషాశాస్త్రజ్ఞులు పరిశీలింపఁదగును. విఱుగుముఖమును, గీఁతలను జూచి గుణ మెన్నుట గ్రంథకర్తకుఁ దెలియును. అంతకు మున్నే 9వ శతాబ్దియందు బాగ్దాదులో నల్‌కిందీ యను తత్త్వవేత్త కత్తులమీఁద నొక ప్రత్యేకప్రబంధము వ్రాసి, మెత్తని దానిని, గట్టిదానిని, పనివానిచేఁ దయారగు ఫౌలాదును వేఱుపఱిచెను. ఇందఱును వ్రాసిరి. ముద్దను జేసిన కమ్మరివాఁడు మాత్రము వ్రాయలేదు. సుశ్రుతుని పాయనములోను, వరాహమిహిరుని లేపములోను మూసయుక్కు చేయు విధానము లేదు. ఉన్నదంతయుఁ జేసినదానిని మెఱుఁగుపెట్టు విధానమే. కనుక 'మన శాస్త్రములలో నంతయుఁ గల'దని చెప్పి కోనసముద్రపువారి ఘనతను గ్రంథములకుఁ గట్టిపెట్టుట న్యాయము కాదు.

రక్షణమును గూర్చి కొంత. 1913లో షెఫీల్డునందు బ్రేర్లీ క్రోమియము కలిపిన మచ్చపడని యుక్కును జేసిన పిదప గృహస్థులు కత్తిని కాపాడు నలవాటును మఱచిరి. కర్బనపు టుక్కు కత్తిపీఁట నేఁటికిని గలవా రీ క్రింది మాటల నాలింతురు గాక. మామిడికాయయు నిమ్మపండును గోసినవెంటనే యలుగు నల్లఁబడును. అది చెడుగు కాదు, పలుచని నల్లపూఁత త్రుప్పును గొంత యాఁపును కూడ. ఎఱ్ఱఁగా రాలునదే త్రుప్పు. పని కాఁగానే కడిగి, పొడిగుడ్డతోఁ దుడిచి, నూనెచేయి రాచి పెట్టవలెను. తోలొఱలో నెలలకొలఁది నుంచినఁ దోలు తేమను బీల్చి యలుగునకు నప్పగించును. త్రిప్పెడి సానమీఁద నీరు లేక పట్టించుట మహాపాతకము. నిప్పురవ్వలు రాలుటఁ జూచి సంతోషించువారు వాదర యంచున నీలిరంగు వచ్చుటఁ జూడరు. పదను పెట్టిన కత్తిని మరలఁ గొంచెముగాఁ గాఁచునపుడు పసుపురంగు సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడునకును, నీలిరంగు 300 డిగ్రీల ప్రాంతమునకును వచ్చును. నీలి వచ్చిన వాదరకుఁ గాఠిన్యము పోయినదే. అంతమేర యరుగఁదీసిన గాని మరల మంచి యుక్కు బయటపడదు. అలలగీఁతలు గల పాతకత్తి దొరకినవా రిసుకతోఁ దోమరాదు. పారసీకులు మెఱుఁగు పెట్టి, అన్నభేదివంటి లవణపునీటితోఁ గడిగి యా గీఁతలను బయల్పఱచెడివారు. ఇసుకతోఁ దోమిన నవి మాసిపోవును.

కత్తులకు బదులు తుపాకులు వచ్చినవి. సీమనుండి చౌకయుక్కు వచ్చినది. కొలిమి కొఱకుఁ గావలసిన బొగ్గు ప్రియమైనది. పారసీకవర్తకుఁడు రాక మానిన పిమ్మటఁ గోనసముద్రపుఁ గొలుము లాఱిపోయినవి. వాయ్సీ చూచి వ్రాయకున్న నా తూనిక మూఁటికి రెండన్న మాటయు మనకు మిగులకుండెడిది. మూస, తిత్తి, దాఁగలి, పట్టకారు, చిట్టెము, పదను, ఒఱ, వాదర, యను మాటలు నిఘంటువులలోఁ గలవు. మూసను మూఁతవేయుటకు, ముద్దను మెత్తపఱచుటకు, గీఁతలలోని భేదములకు నా గ్రామమువా రేమేమి మాటలు వాడిరో నిఘంటుకారుఁ డడుగలేదు.

మాటలు పోయినను మూసలు పోలేదు. 1980 తరువాత థెల్మా లో యను పరిశోధకురాలు కోనసముద్రపు మూసపెంకులను సూక్ష్మదర్శనితోఁ బరీక్షించి, మంటిలోఁ గలిపిన వడ్లయూఁక కాలిపోయి తన యాకారమును సైకతరూపమున మిగిల్చి, మూసకు నగ్గినోర్చు బలము నిచ్చెనని చూపెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతవిద్యాసంస్థవారును ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయమువారును స్థానిక చరిత్రకారుల తోడ్పాటుతో నుత్తర తెలంగాణమున గ్రామగ్రామము తిరిగి చిట్టెపుదిబ్బలను, గొలిమిస్థలములను గుఱుతించిరి. ఆ పెంకులకుఁ బైన నల్లని గాజువంటి పూఁత యుండును. లోపలితట్టున నొక సన్నని గట్టు చుట్టును దిరిగి యుండును. ఉక్కు కరఁగి నిలిచినమేర కది గుఱుతు.